కర్నూలు: బాల్కనీ ముందు 16 అడుగుల స్టీల్ డెక్, కింద నల్లరేగడి. పర్మిషన్ కావాలా? పునాది ఎంత లోతు?

నల్లరేగడి_వాకిలి:

కర్నూలు కార్పొరేషన్ పరిధిలో ఇల్లు. స్థలం 30 × 58 అడుగులు, అంటే నాలుగు సెంట్లు. తూర్పు వాకిలి, ముందు 30 అడుగుల రోడ్డు. గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్ రెండూ ప్లాన్ ప్రకారం కట్టినవే, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఉంది. ప్లాన్‌లో ముందు సెట్‌బ్యాక్ 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా 1 మీటరు (హద్దు నుంచి ఖాళీగా వదలాల్సిన దూరం) అని ఉంది. కానీ కట్టేటప్పుడు ముందు గోడ నుంచి హద్దు దాకా 17 అడుగులు వదిలారు. ఫస్ట్ ఫ్లోర్ హాలు తలుపు తీస్తే 3 అడుగుల బాల్కనీ. అది పోను ఇంకా 14 అడుగులు ఖాళీగా ఉంది.

ఆ బాల్కనీకి కలుపుతూ, అదే ఎత్తులో (నేల నుంచి పదిన్నర అడుగులు) డెక్ వేయాలి. పొడవు 16 అడుగులు. ముందుకు ఎంతవరకు రావచ్చో తెలియడం లేదు. కింద బండ్లు పెట్టుకోవాలి.

వెల్డింగ్ షాపు వాళ్లు చెప్పింది ఇదీ: ఇనుప పని కాబట్టి పర్మిషన్ అక్కర్లేదు, స్లాబు వేస్తేనే అడుగుతారు. ఇంటి వైపు స్తంభాలు వద్దు, బాల్కనీ అంచుకే యాంగిల్ పెట్టి బోల్టులు బిగిస్తే సరిపోతుంది. ముందు వైపు రెండు స్తంభాలకు 2 అడుగుల గుంత చాలు, డెక్ తేలిక కదా.

నేల నల్లరేగడి, ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్లు వస్తాయి. పైన పరచడానికి డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలా, బేతంచర్ల బండలా అన్నది కూడా తేల్చుకోలేదు. వివరంగా చెప్పగలరు.

ప్లాన్‌గీత:

ఆ మూడు మాటలూ తప్పే అండీ. పర్మిషన్ సంగతి వరకు ఇక్కడ రాస్తాను, మిగతా రెండూ స్ట్రక్చర్ తెలిసినవాళ్లు చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017 (జీవో 119, 28-3-2017) స్లాబా ఇనుమా అని చూడవు. నేలలో దింపిన స్తంభాల మీద మనుషులు నడిచే అంతస్తు వేస్తే అది నిర్మాణమే, దాని విస్తీర్ణం ఇంటి విస్తీర్ణంలో కలుస్తుంది. మీకు ఓసీ వచ్చేసింది కాబట్టి పాత ప్లాన్‌ని సవరించడం కాదు, అదనపు నిర్మాణం కింద కొత్తగా దరఖాస్తు పెట్టాలి. ఏపీ డీపీఎంఎస్ పోర్టల్లో (ప్లాన్ల మంజూరు వెబ్‌సైటు) లైసెన్సు ఉన్న ఎల్టీపీ (ప్లాన్లు గీసి దాఖలు చేసే టెక్నికల్ నిపుణుడు) ద్వారానే వెళ్తుంది. పాత మంజూరు ప్లాన్, ఓసీ, రిజిస్టర్డ్ డాక్యుమెంటు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఈ ఏడాది ఇంటి పన్ను రసీదు, ముందు వైపు నుంచీ రెండు పక్కల నుంచీ తీసిన ఫోటోలు సిద్ధం చేసుకోండి. డ్రాయింగులో ఉన్న ఇల్లు ఒక రంగులో, కొత్త డెక్ ఇంకో రంగులో చూపించి, స్తంభాల స్థానాలు హద్దు నుంచి కొలతలతో వేయించండి. స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం కూడా ఉండాలి. ఈ చిన్న పనికి ఎందుకని వదిలేస్తే ఫైలు తిరిగొచ్చేది అక్కడే.

ఇక ముందుకు ఎంత రావచ్చంటే. మీ 1.5 మీటర్లు అంటే 4 అడుగుల 11 అంగుళాలు. 14 అడుగుల్లో అది తీసేస్తే బాల్కనీ అంచు నుంచి 9 అడుగుల 1 అంగుళం మిగులుతుంది. అందులోకి డెక్ ఒక్కటే కాదు, బయటికి పొడుచుకొచ్చే ప్రతిదీ ఇమడాలి: రెయిలింగు, నీళ్ల గొట్టం, అంచు పట్టీ అన్నీ. కొలత మీ డాక్యుమెంటులోని హద్దు నుంచి తీయాలి, రోడ్డు కాలువ నుంచి కాదు, కాంపౌండు గోడ బయటి ముఖం నుంచీ కాదు. పాత కాంపౌండు గోడలు అర అడుగు అటూ ఇటూ జరిగి ఉండటం మామూలే. అందుకే 9 అడుగులు అనుకోకుండా 8 అడుగుల 6 అంగుళాల దగ్గర ఆపండి. ఏడు అంగుళాలు పోయినా ఇబ్బంది లేదు, రెండంగుళాలు మీదికి వెళ్తే ఇబ్బంది.

సెట్‌బ్యాక్ అంటే నేల నుంచి ఆకాశం దాకా ఖాళీ. దాని మీదికి 60 సెంటీమీటర్లు మించని సజ్జా, కార్నిసు రావచ్చు. బాల్కనీ రాకూడదు. ముందు వైపు పోర్టికోనో క్యానపీనో ఒప్పుకోవచ్చు గానీ దాని పైకి దారి ఉండకూడదు. ఈ షరతు దగ్గరే ఎక్కువ ఇళ్లకు నోటీసులు వస్తాయి. ప్లాన్‌లో పోర్టికో అని గీయిస్తారు, తర్వాత హాలు కిటికీ పగలగొట్టి తలుపు పెడతారు. తలుపు పెట్టిన రోజుతో అది పోర్టికో కాకుండా పోతుంది. మీకు అదనంగా 9 అడుగులు ఉండటం వల్లే ఈ డెక్ సాధ్యం. ముందు 5 అడుగులే వదిలినవాళ్లు ఇది చదివి మొదలుపెట్టకండి.

బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలను రుసుముతో క్రమబద్ధం చేసే స్కీము) వస్తే డబ్బు కట్టేయొచ్చులే అనేవాళ్లు కూడా ఉంటారు. 2019 నాటి బీపీఎస్ 31-8-2018 లోపు కట్టినవాటికే వర్తించింది. గడువు తేదీ స్కీము కన్నా ముందే దాటిపోయి ఉంటుంది, ముందు కట్టి తర్వాత స్కీము కోసం చూసేవాళ్లకు అది అందదు.

ఇంకొకటి, దరఖాస్తుకు ముందే చూడాల్సింది: ఇంటి ముందు కరెంటు తీగలు. మామూలు వీధి లైను (650 వోల్టుల లోపు) డెక్ పక్క నుంచి పోతుంటే అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, పైనుంచి పోతుంటే నిలువుగా 2.5 మీటర్లు దూరం ఉండాలి. 11 కేవీ లైనైతే అడ్డంగా అదే 1.2, నిలువుగా 3.7 మీటర్లు. మీరు ఇంటిని రోడ్డు వైపు ఎనిమిదిన్నర అడుగులు జరుపుతున్నట్టే లెక్క. ఇంతకుముందు దూరంగా కనిపించిన తీగ ఇప్పుడు చేతికందొచ్చు. పోల్ నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు మాత్రం దాదాపు ఖాయంగా అడ్డమొస్తుంది. దాన్ని జరపడానికి ఎస్పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి ఆ పని అయ్యాకే స్తంభాలు నిలబెట్టండి.

కాలమ్_బీమ్:

బాల్కనీకి బోల్టులేసి పట్టించడం గురించి ముందు. దయచేసి ఆ పని చేయకండి.

మీ బాల్కనీ ఒక వైపే పట్టు ఉన్న స్లాబు. దాని ప్రాణమంతా గోడ దగ్గర, స్లాబు పై ముఖంలో ఉన్న కమ్మీల్లో ఉంది. లెక్క చూడండి. భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇళ్ల బాల్కనీకి చదరపు మీటరుకు 300 కిలోల మనుషుల బరువు, అంచు మీద మీటరుకు 150 కిలోలు తీసుకోవాలి. స్లాబు సొంత బరువు, ఫ్లోరింగు 350 అనుకుందాం. 0.9 మీటర్ల బాల్కనీకి గోడ దగ్గర పడే వంపు బలం మీటరు వెడల్పుకు దాదాపు 400 కిలోగ్రామ్-మీటర్లు. కట్టినాయన నిజాయితీగా కట్టి ఉంటే దానికి సరిపడా కమ్మీ ఉంటుంది.

ఇప్పుడు డెక్. 16 × 8.5 అడుగులంటే 12.6 చదరపు మీటర్లు. మనుషుల బరువు 300, బండలూ ఇనుమూ కలిపి ఇంకో 150 వేసుకుంటే మొత్తం 5.7 టన్నులు. అందులో సగం బాల్కనీ కొస మీద పడితే మీటరుకు 580 కిలోలు. అది 0.9 మీటర్ల దూరంలో వేలాడితే అదనంగా 520 పైన. అంటే 400కి కట్టిన స్లాబు మీద 920. ఇది ఒక్క రోజులో కూలదు. గోడ దగ్గర పై ముఖంలో సన్నని పగులు వస్తుంది, దాన్ని టైల్స్ కప్పేస్తాయి, వాననీరు అందులోంచి దిగి కమ్మీని తింటుంది. అంచు దగ్గర డ్రిల్ వేస్తే ఉన్న కమ్మీ తెగే అవకాశం వేరే.

కాబట్టి డెక్ తన కాళ్ల మీద తాను నిలబడాలి. నాలుగు స్తంభాలు. బాల్కనీకీ డెక్‌కీ మధ్య 20 నుంచి 25 మిల్లీమీటర్ల సందు వదిలి, పైన ఒక అల్యూమినియం పట్టీ కప్పండి. ఆ పట్టీకి ఒక వైపే స్క్రూలు, రెండో వైపు ఊరికే ఆని ఉండాలి. నల్లరేగడిలో ఇల్లు ఒక రకంగా కదులుతుంది, డెక్ ఇంకో రకంగా. రెండింటినీ కట్టేస్తే బలహీనమైనది చిట్లుతుంది.

లోపలి వరుస స్తంభాలను బాల్కనీ అంచుకు ఆనించకండి. ఇంటి పునాది గోడ నుంచి బయటికి రెండు, రెండున్నర అడుగులు వచ్చి ఉండొచ్చు. బాల్కనీ అంచు నుంచి 1.5 అడుగులు ముందుకు, అంటే గోడ నుంచి 4.5 అడుగుల దగ్గర స్తంభం పెడితే 3 అడుగుల పునాది దానికి తగలదు. బయటి వరుస డెక్ అంచు నుంచి ఒక అడుగు లోపలికి. రెండు వరుసల మధ్య 6 అడుగులు వస్తుంది. పొడవు వైపు స్తంభాల మధ్య 13 అడుగులు, చెరో కొసా 1.5 అడుగులు బయటికి. ఇంటి పునాది అడుగు మట్టం కన్నా లోతుగా దాని పక్కన తవ్వాల్సి వస్తే మాత్రం పని ఆపి ఇంజినీరును పిలవండి.

పునాది లోతు దగ్గరికి వస్తే, షాపు వాళ్ల మాట తలకిందులు. నల్లరేగడిలో బరువైన ఇల్లు కాదు, తేలికైన డెక్కే ఎక్కువ కష్టపడుతుంది. తడిసిన నల్లరేగడి ఉబ్బేటప్పుడు పైకి తోసే బలం చదరపు మీటరుకు 10 టన్నులు కూడా దాటుతుంది. మీ ఒక్కో స్తంభం మీద పడేది డెక్ నిండా జనం ఉన్నప్పుడే టన్నున్నర. 3 × 3 అడుగుల పునాది మీద అది చదరపు మీటరుకు 1.8 టన్నులు. ఖాళీ డెక్ అయితే అందులో మూడో వంతు. నేల దాన్ని సులువుగా ఎత్తేస్తుంది, అదీ నాలుగు స్తంభాలనూ ఒకేలా ఎత్తదు. సంపు పక్కనున్నది, పూలకుండీల నీళ్లు పారేది ఎక్కువ లేస్తుంది. రెండు వానాకాలాలు దాటేసరికి రెయిలింగు వంకర, బండల మధ్య సందులు.

రెండడుగుల లోతంటే ఎండాకాలం పగుళ్లు దిగే మందంలోనే పునాది కూర్చున్నట్టు. ముందు ఒక పరీక్ష గుంత తవ్వించండి, 7 అడుగుల దాకా. ఎక్కడ నల్లమట్టి ఆగిందో, కింద ఏముందో రాయండి. ఆ తర్వాతే పునాది గురించి మాట్లాడగలం.

బండల_పని:

పైన పరచేదాని మీద రెండు మాటలు.

బేతంచర్ల బండ మంచి రాయి, దగ్గరది, ఎండకు రంగు పోదు. కానీ అది వంగదు. ఇనుప చట్రం మనం నడిస్తే కొంచెం వంగుతుంది, అది దాని గుణం. అంగుళంన్నర మందం బండను నేరుగా పైపుల మీద పరిచి, రెండడుగుల ఖాళీ మీద నడిస్తే మామూలుగా ఏమీ కాదు, ఒక రోజు కుండీ జారి పడితే చెప్పకుండా విరుగుతుంది. కింద బండ్లున్నాయి, పిల్లలుంటారు. బండ వేయాలంటే పైపుల మీద ముందు 18 మిల్లీమీటర్ల సిమెంటు ఫైబర్ బోర్డు స్క్రూలతో బిగించాలి. బోర్డు అతుకులన్నీ పైపు మీదికే రావాలి, గాల్లో రాకూడదు. దాని మీద వాటర్‌ప్రూఫ్ పూత, ఆపైన టైల్ గమ్ముతో బండ. ఇసుక-సిమెంటు మాలు రెండంగుళాలు పోసే పద్ధతి ఇక్కడ వద్దు, ఊరికే బరువు. బండలకు అంగుళం మందం చాలు, కింద బోర్డు ఉంది కాబట్టి. ఇంటి నుంచి రోడ్డు వైపు వాలు 100కి 1 చొప్పున, అంటే 8.5 అడుగులకు అంగుళం. ఈ వాలు చట్రంలోనే తీసుకురావాలి, గమ్ముతో కాదు.

పాలిష్ చేసిన బండ తడిస్తే జారుతుంది. డెక్ మీదికి పాలిష్ లేని నాపబండే తీసుకోండి. నలుపు కడప బండ అందంగా ఉంటుంది గానీ మే నెలలో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా కాలు పెట్టలేరు.

డబ్ల్యూపీసీ తేలిక, చదరపు మీటరుకు 20, 25 కిలోలు. కానీ నీడ లేని చోట అది కూడా బాగా కాలుతుంది. లోపల డొల్లగా ఉండే పలక కర్నూలు ఎండకు దోనె లాగా వంగుతుంది. నిండు పలక, పైన పూత తొడుగు ఉన్న రకం తీసుకోండి. పైపుల దూరం 12 అంగుళాలు, 16 కాదు. 2.9 మీటర్ల పలక చలికాలం పొద్దున్నకీ మే ఎండకీ మధ్య దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. డిసెంబరులో పరిస్తే కొసల దగ్గర 6 మిల్లీమీటర్ల సందు పెట్టాలి. మే మధ్యాహ్నం పరిస్తే పలక అప్పటికే సాగి ఉంటుంది, 2 చాలు. ఈ తేడా తెలియక కొస కొస ఆనించి బిగిస్తే పలకలు మధ్యలో ఎత్తుకుంటాయి. పలకకు మధ్యలో ఒక్కచోట గట్టి స్క్రూ, మిగతా అంతా క్లిప్పులు. క్లిప్పులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ 304 రకానివే.

పలకల సందుల్లోంచి నీళ్లు కిందికి కారతాయి, ఇది ముందే తెలుసుకోండి. కింద బండ్లు తడవకూడదంటే బోర్డు మీద బండే మేలు.

చెక్క గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెబుతారు. టేకు తప్ప మన దగ్గర దొరికే వేప, తుమ్మ పలకలు ఈ ఎండకు కొసల నుంచి నెర్రెలిస్తాయి. టేకుకైనా ఏటా నూనె పట్టించాలి.

నల్లరేగడి_వాకిలి:

అందరికీ ధన్యవాదాలు. గుంత తవ్వించాం. 4.5 అడుగుల దాకా నల్లమట్టి, దాని కింద ఒక అడుగు సున్నపు గడ్డలు కలిసిన సుద్ద, 5.5 అడుగుల నుంచి గట్టి గరుసు, పార దిగడం లేదు, గడ్డపారే కావాలి. నీళ్లు తగల్లేదు. ఎల్టీపీని కలిశాం, 8.5 అడుగులు ఆయన కూడా సరే అన్నారు. వీధి లైను డెక్ అంచు నుంచి 2 మీటర్ల పైనే ఉంది. కింద బండ్లు తడవకూడదు కాబట్టి బండలవైపే మొగ్గు. ఇప్పుడు పునాది, ఇనుము సైజులు చెప్పగలరా? తర్వాత పైన షీటు కప్పు కూడా వేయాలని ఇంట్లో అంటున్నారు.

గరుసు_దాకా:

ఇంత నల్లమట్టి ఉంటే అండర్‌రీమ్డ్ పైల్ (కింద ఉబ్బు ఉండే కాంక్రీటు స్తంభపు పునాది) మేలు కదా? 300 మిల్లీమీటర్ల కాడ, కింద దానికి రెండున్నర రెట్ల ఉబ్బు, 3.5 మీటర్ల లోతు. తవ్వకం తక్కువ, నేల కదలిక పట్టదు.

కాలమ్_బీమ్:

నల్లమట్టి 7, 8 అడుగులు దాటి ఉంటే నేనూ పైలే అనేవాణ్ని. ఇక్కడ 5.5 అడుగులకే గరుసు తగిలింది. ఆ గరుసులో ఆగర్ (గుంత తొలిచే బర్మా) దిగదు, ఉబ్బు తవ్వలేరు, సగంలో ఆపేసిన పైల్ మామూలు పునాది కన్నా హీనం. గరుసు మీద కూర్చున్న మామూలు పునాదే ఇక్కడ సరైనది. సుద్ద మీద ఆగిపోకండి. ఎండలో రాయిలా ఉంటుంది, నీళ్లు నిలిస్తే మెత్తబడుతుంది.

లోతు 6 అడుగుల 4 అంగుళాలు: గరుసులోకి పది అంగుళాలు దిగినట్టు. ఆ లోతు మీ ఇంటి పునాది అడుగు కన్నా కిందికి పోతుందేమో పాత డ్రాయింగులో చూసుకోండి. పోతుంటే లోపలి రెండు గుంతలు ఒకేసారి తవ్వకూడదు, ఒకటి పోసి పూడ్చాకే రెండోది. అడుగున 4 అంగుళాల 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు బెడ్డు, దాని మీద 3 × 3 × 1 అడుగుల పునాది, దాని నుంచి 12 × 12 అంగుళాల పెడస్టల్ (పొట్టి కాంక్రీటు స్తంభం) నేలపైన 6 అంగుళాలు తేలేలా. పునాదిలో 10 ఎంఎం కమ్మీ 6 అంగుళాలకు ఒకటి రెండు వైపులా, పెడస్టల్లో నాలుగు 12 ఎంఎం, 8 ఎంఎం రింగులు 6 అంగుళాలకు. నాలుగింటికీ కలిపి కాంక్రీటు 60 ఘనపుటడుగుల లోపు, ఎం20 రకం కాంక్రీటు కలపడానికి సిమెంటు 13, 14 బస్తాలు, బెడ్డుకు ఇంకో రెండు. కమ్మీ 75, 80 కిలోలు.

ఇక్కడ చాలామంది వదిలేసేది పెడస్టల్ చుట్టూ ఉండే మట్టి. పునాది గరుసు మీదున్నా, ఉబ్బిన నల్లమట్టి పెడస్టల్ పక్కలను పట్టుకొని పైకి లాగుతుంది. అందుకని పెడస్టల్‌కు తారు పూసి, రెండు పొరల పాలిథిన్ చుట్టి, గుంతను తీసిన నల్లమట్టితో కాకుండా గరుసుతో పూడ్చండి, 6 అంగుళాల పొర పొరకూ తడిపి దిమ్మిస కొట్టి. స్తంభాలను కలిపే టై బీమ్ వేస్తే దాని అడుగున నేలకు 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నేల మీద పోస్తే నేల దాన్ని ఎత్తుతుంది.

తవ్వకం ఫిబ్రవరి నుంచి మే లోపు. గుంత తీసిన రోజో మర్నాడో బెడ్డు పడాలి. వారం రోజులు ఎండనిచ్చిన గుంత పక్కలు కుంచించుకుపోయి, వాన పడగానే లోపలికి తోస్తాయి.

ఇనుము: స్తంభాలు 100 × 100 × 4 చదరపు పైపు, మీటరుకు 11.7 కిలోలు. అడుగున 250 × 250 × 12 మిల్లీమీటర్ల పలక, నాలుగు ఎం16 జె-బోల్టులు 18 అంగుళాలవి. బోల్టులను కాంక్రీటు పోసేటప్పుడే చెక్క అచ్చుతో నిలబెట్టాలి, తర్వాత డ్రిల్ చేసి కాదు. పొడవు వైపు దూలాలు రెండు. డబ్ల్యూపీసీ అయితే ఐఎస్ఎంబీ 150 (150 మిల్లీమీటర్ల ఎత్తు, ఐ ఆకారపు ఇనుప దూలం) సరిపోయేది. బండలంటున్నారు కాబట్టి 175 వేయండి. 13 అడుగుల మధ్య దూరానికి వంగుదల 12 మిల్లీమీటర్లు దాటకూడదు. బండల బరువుతో 150 దాదాపు 15 వంగుతుంది, 175 తొమ్మిది లోపే. విరగదు గానీ బండల గమ్ము మాత్రం ఊడుతుంది. అడ్డ పైపులు 80 × 40 × 3, నిలువుగా, 16 అంగుళాలకు ఒకటి, మొత్తం 13. అన్నీ కలిపి, పలకలతో సహా, 600 కిలోల దగ్గర. ఇవి మీ ఇంజినీరు లెక్కకు మొదలు మాత్రమే, డ్రాయింగు మీద సంతకం ఆయనది.

ప్రతి స్తంభం నుంచి దూలానికి 45 డిగ్రీల్లో రెండడుగుల బ్రేస్ (ఏటవాలు ఊత), రెండు దిక్కులా. గోడకు కట్టని డెక్‌కు ఇవి లేకపోతే పిల్లలు పరిగెత్తినప్పుడల్లా ఊగుతుంది. వెల్డింగు 6 మిల్లీమీటర్లు, చుట్టూ పూర్తిగా. టాకాలు వేసి రంగు కొట్టేసిన జాయింటు దూరం నుంచి ఒకేలా కనబడుతుంది, రంగు వేయకముందే చూడండి. పైపు కొసలన్నీ మూసి వెల్డు చేయాలి, తెరిచి ఉంటే లోపలి నుంచి తుప్పు. పొట్టు గీకి జింకు ప్రైమర్, తర్వాతే రంగు. పైపుల పై ముఖం బోర్డు కింద కనపడదు, తుప్పు మొదలయ్యేది అక్కడే, దాని మీద తారు టేపు అంటించండి.

కప్పు సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి, తర్వాత కాదు. కర్నూలుకు లెక్కలో తీసుకునే గాలి వేగం సెకనుకు 39 మీటర్లు. దాని ఒత్తిడి చదరపు మీటరుకు 90 కిలోల పైన. ఏప్రిల్, మేలలో వచ్చే ఈదురుగాలి 12.6 చదరపు మీటర్ల షీటును టన్నుకు పైగా బలంతో పైకి లాగుతుంది. ఆ లాగుడు దూలాల నుంచి బోల్టుల దాకా దిగుతుంది. పైగా కప్పు ఉన్న అంతస్తును ప్లాన్‌లో కూడా అలాగే చూపించాలి. షీటు కావాలంటే డ్రాయింగులోనూ దరఖాస్తులోనూ ఇప్పుడే పెట్టండి. లేదంటే కొక్కేలకు కట్టి గాలి వచ్చే సూచన ఉన్నప్పుడు విప్పేసే గ్రీన్ నెట్టే మంచిది.

బండల_పని:

షీటు లేకపోతే లేత రంగు బండే ఏరుకోండి, నెట్టు నీడ కింద సాయంత్రం ఐదుకల్లా నడవొచ్చు.

రెయిలింగు ఎత్తు బండలు పరిచాక కొలవాలి. ఇనుము నుంచి మీటరు పెడితే బోర్డు, బండ కలిపి రెండంగుళాలు తగ్గిపోతుంది. బండ పై ముఖం నుంచి మీటరు తగ్గకూడదు, 1.2 మీటర్లు దాటనక్కర్లేదు. నిలువు కడ్డీల మధ్య 4 అంగుళాలు మించితే పిల్లల తల దూరుతుంది. అడ్డ కడ్డీలు వద్దు, నిచ్చెన అవుతాయి. రెయిలింగు కాళ్లు బోర్డులోంచి గుచ్చి కాదు, బయటి పైపు ముఖానికి వెల్డు చేయండి. బండలో వేసిన ప్రతి కన్నమూ వాటర్‌ప్రూఫ్ పూతలో కన్నమే.

ప్లాన్‌గీత:

బయటి పైపు ముఖానికి రెయిలింగు వేస్తే అది డెక్ అంచు కన్నా రెండంగుళాలు బయటికి వస్తుంది, నీళ్ల గొట్టం ఇంకో నాలుగు. 8 అడుగుల 6 అంగుళాలకు ఈ ఆరూ కలిపితే 9 అడుగులు. మీ గీత 9 అడుగుల 1 అంగుళం దగ్గర ఉంది, మిగిలేది అంగుళమే. గొట్టాన్ని బయట వేలాడదీయకుండా దూలం కింద, డెక్ లోపలికి పెట్టించండి. నీళ్లను స్తంభం మొదట్లో వదలకుండా కాలువ దాకా గొట్టంలోనే తీసుకెళ్లండి. స్తంభాలు నిలబెట్టే ముందు హద్దు నుంచి నాలుగు బోల్టు గుంపుల దూరం టేపుతో కొలిచి, టేపు కనబడేలా ఫోటోలు తీసి ఎల్టీపీకి పంపించండి. పని పూర్తయ్యాక ఆయన మళ్లీ రావాల్సింది ఆ కొలతల కోసమే.